సంక్రాంతి సెలవుల్లో మాటలకు చోటు: ఆలస్యంగా మాట్లాడుతున్న ఒక బాబు కేస్ స్టడీ

మాటలు ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రులు సంక్రాంతికి ఊరు బయలుదేరే ముందు సాధారణంగా రెండు రకాల ఆలోచనలతో నా దగ్గరకు వస్తారు. థెరపీకి విరామం ఇస్తే వచ్చిన కొద్ది మాటలూ పోతాయేమోనని కొందరి భయం. ఇంటినిండా మనుషులుంటారు కాబట్టి మాటలు వాటంతటవే వచ్చేస్తాయని మరికొందరి ఆశ. హైదరాబాద్‌లో స్పీచ్ థెరపిస్ట్‌గా నేను చూసిన ఒక బాబు విషయంలో తల్లిది ఆ భయం, తండ్రిది ఆ ఆశ. సెలవులు మాటలకు ఎక్కడ ఉపయోగపడతాయో, ఎక్కడ అడ్డుపడతాయో ఈ ఒక్క కేసులోనే స్పష్టంగా కనిపించింది కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను. ఇందుకు తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు వదిలేశాను.

వచ్చినప్పటి పరిస్థితి

డిసెంబరులో మొదటిసారి చూసినప్పుడు బాబు వయసు 2 సంవత్సరాల 4 నెలలు. నెలలు నిండి పుట్టాడు, పుట్టగానే ఏడ్చాడు, ఫిట్స్ లాంటివేమీ రాలేదు, ఏడాది దాటగానే నడిచాడు. తల్లిదండ్రులిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పగలంతా డేకేర్‌లో ఉంటాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక అన్నం తినేంతసేపూ ఎదురుగా ఫోన్‌లో ఇంగ్లీషు రైమ్స్ నడుస్తూ ఉంటాయి. తల్లిదండ్రులు ఒకరితో ఒకరు తెలుగులోనే మాట్లాడుకుంటారు గానీ, రెండు భాషలు కలిస్తే పిల్లవాడు తికమకపడతాడని, బడిలో పనికొచ్చే భాషలోనే మాట్లాడమని అంతకుముందు ఎవరో ఇచ్చిన సలహాను నమ్మి, బాబుతో మాత్రం తమకు అలవాటు లేని పొడిపొడి ఇంగ్లీషు ముక్కలే వాడుతున్నారు. యాపిల్, కార్, షూస్, కమ్, సిట్ అనడంతో వాళ్ళ సంభాషణ ఆగిపోయేది. తల్లి మాటల్లోనే చెప్పాలంటే, "వాడితో ఏం మాట్లాడాలో తోచదండీ, పేర్లు చెప్పేశాక ఇంకేం ఉంటుంది?"

తల్లి రాసుకొచ్చిన జాబితాలో 18 మాటలున్నాయి. అమ్మ, నాన్న, పాలు, బువ్వ, దా, వద్దు, టాటా, కాకి, బంతికి "బాల్", కుక్కకు "బౌ" వంటివి అవి. కుక్క అరుపును మాటగా లెక్కించవచ్చా అని ఆమె అడిగింది. ఒకే వస్తువును ఉద్దేశించి ప్రతిసారీ అదే శబ్దం చేస్తుంటే అది మాట కిందే లెక్క. రెండు మాటలు కలిపి అనడం మాత్రం ఒక్కటీ లేదు. రెండేళ్ళు నిండేసరికి 50 మాటలైనా లేకపోయినా, రెండు మాటలు జత చేయకపోయినా ఆ పిల్లలను ఆలస్యంగా మాట్లాడేవారిగా గుర్తించి గమనించడం మా వృత్తిలో అందరూ పాటించే కొలబద్ద.

పరీక్షల్లో తేలినది

మాట ఆలస్యమైందని వచ్చిన ఏ బిడ్డకైనా ముందు చూడవలసింది వినికిడి. పిలిస్తే పలుకుతున్నాడు కదా అని తల్లిదండ్రులు ఈ పరీక్షను దాటవేయాలనుకుంటారు. కానీ మధ్యచెవిలో నీరు చేరిన పిల్లలు కూడా పిలిస్తే పలుకుతారు, మెల్లని శబ్దాలే వారికి అందవు. లోపలి చెవి శబ్దానికి స్పందిస్తోందో లేదో చూసే ఓఏఈ పరీక్ష ఈ బాబుకు రెండు చెవులకూ సరిగా వచ్చింది, కర్ణభేరి కదలికను కొలిచే టింపానోమెట్రీలో మధ్యచెవి మామూలుగానే ఉంది. ఆటిజం లక్షణాల కోసం 16 నుంచి 30 నెలల పిల్లలకు వాడే ఎం-చాట్ ప్రశ్నావళిలో తక్కువ స్కోరే వచ్చింది. గదిలో నేను చూసింది కూడా దానికి సరిపోయింది. కావలసినది వేలితో చూపిస్తాడు, చూపించి అమ్మ ముఖం వైపు తిరుగుతాడు, బొమ్మకు అన్నం పెట్టినట్టు ఆడతాడు. "నాన్న చెప్పులు తలుపు దగ్గర పెట్టు" వంటి సూచనను సైగలు లేకుండా చెప్పినా అర్థం చేసుకున్నాడు. అంటే గ్రహించే భాష వయసుకు తగ్గట్టుంది, పలికే భాషే వెనుకబడింది.

ఇటువంటి పిల్లల్లో చాలామంది తరువాతి ఒకటి రెండేళ్ళలో తోటివారిని అందుకుంటారు. కానీ ఎవరు అందుకుంటారో, ఎవరు అందుకోరో రెండేళ్ళ వయసులో ఎవరూ నిర్ధారించి చెప్పలేరు. అర్థం చేసుకునే శక్తి, సైగలు, ఊహతో ఆడే ఆట బాగుండడం మంచి సూచనలే. వాటిని చూసి "ఇంకో ఆరు నెలలు ఆగండి" అని పంపేయడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఆ ఆరు నెలల్లో ఇంట్లోవాళ్ళు చేయగలిగిన పని చాలా ఉంటుంది, దానికి ఖర్చేమీ లేదు. వారానికి ఒక సెషన్ మొదలుపెట్టాము. అందులో బాబుతో నేను గడిపిన సమయం కంటే తల్లిదండ్రులకు చూపించిన సమయమే ఎక్కువ.

భాష విషయంలో వారికి మొదటి రోజే స్పష్టంగా చెప్పాను. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. మీకు ఏ భాషలో నవ్వించడం, బుజ్జగించడం, కోప్పడడం, కబుర్లు చెప్పడం వచ్చో ఆ భాషలోనే పిల్లవాడితో మాట్లాడండి; డేకేర్‌లో వినిపించే ఇంగ్లీషు దాని దారిన అది వస్తుంది. తల్లి ఆ సాయంత్రం నుంచే తెలుగులోకి మారిపోయింది. తండ్రికి కొంత సమయం పట్టింది.

ఊరికి బయలుదేరే ముందు

జనవరి రెండో వారంలో కోనసీమలోని తల్లి పుట్టింటికి వెళుతున్నామని, పది రోజులు ఉంటామని చెప్పారు. ఇంట్లో ఉండేది అమ్మమ్మ, తాతయ్య. పండక్కి మావయ్య కుటుంబం, పిన్ని, వరసకు అక్క అయ్యే ఆరేళ్ళ పాప, వచ్చిపోయే చుట్టాలు. ఒక ఆవు, దూడ ఉన్నాయని తల్లి యథాలాపంగా అంది. నా ప్రణాళికలో సగం ఆ దూడ చుట్టూ నడిచింది.

జనం ఎక్కువ ఉన్నంత మాత్రాన బిడ్డకు అందే మాటలు ఎక్కువ కావు. పదిమంది ఒకరితో ఒకరు మాట్లాడుకునే హోరులో బిడ్డ చూస్తున్న వస్తువు గురించి, వాడు చూస్తున్న క్షణంలో, వాడి ముఖం చూసి అనే మాట ఒక్కటీ ఉండకపోవచ్చు. పిల్లవాడి దృష్టి ఎక్కడుందో అక్కడికి వెళ్ళి పేరు చెబితే ఆ మాట త్వరగా పట్టుబడుతుందని, వాడి దృష్టిని మనం కోరిన వస్తువు వైపు మళ్ళించి చెబితే అంతగా పట్టుబడదని టొమసెల్లో, ఫరార్ అనే పరిశోధకులు 1986లోనే చూపించారు. పండుగ ఇంట్లో ఈ రెండో రకమే ఎక్కువ జరుగుతుంది. వాడు చీమల బారు చూస్తుంటే గడ్డం పట్టుకుని ముఖం తిప్పి, "ఇటు చూడు, నేనెవర్ని? అత్త అను, అత్త" అంటారు. ప్రేమతోనే అంటారు. వాడు మాత్రం నోరు మూసుకుంటాడు.

అందుకని రోజంతా ఏదో నేర్పాలన్న ఆరాటం వద్దని చెప్పి, రోజూ ఒకే సమయానికి ఒకే మనిషితో జరిగే మూడు పనులు ఎంచుకోమన్నాను. పొద్దున అమ్మమ్మతో దూడకు గడ్డి పెట్టడం, పెరట్లో పిన్ని పోసే స్నానం, సాయంత్రం అక్కతో ఉప్పుమూట ఆట. ఈ మూడింటిలోనూ చేసే పని మారదు కాబట్టి అనే మాటలూ మారవు. తరువాత ఏమి జరుగుతుందో పిల్లవాడికి ముందే తెలుస్తుంది కాబట్టి మధ్యలో పెద్దవాళ్ళు ఆగితే ఆ ఖాళీలో వాడే మాట వేయాలనుకుంటాడు. గమనించడం, ఆగడం, వినడం అనే ఈ క్రమం తల్లిదండ్రుల చేతనే పిల్లలకు మాటలు నేర్పించే, కెనడాలో 1975లో మొదలైన హానెన్ పద్ధతిలో ప్రధానమైనది. మన ఇళ్ళలో మిగతా రెండూ సులువుగానే వస్తాయి గానీ ఆగడం చాలా కష్టంగా వస్తుంది.

అమ్మమ్మకు కాగితాలు పంపలేదు. ఫోన్‌లో పావుగంట మాట్లాడాను. "నేను చదువుకోలేదమ్మా, నాకేం తెలుస్తాయి ఇవన్నీ" అంది మొదట. దూడతో మీరు మాట్లాడరా అని అడిగితే, "దాంతో మాట్లాడకపోతే ఎలాగ, దానికీ ప్రాణం ఉంది కదా" అంది. మనవడితో కూడా అలాగే, చిన్న చిన్న మాటలతో, చేస్తున్న పనినే చెబుతూ మాట్లాడమన్నాను. ఆమెకు అంతకంటే చెప్పవలసిన పని రాలేదు.

ప్రయాణం

కారులో వెళ్ళారు. సంక్రాంతి ముందు విజయవాడ రహదారి మీద పంతంగి టోల్ ప్లాజా దగ్గర వాహనాలు ఎలా బారులు తీరతాయో తెలిసినవారికి, రెండేళ్ళ పిల్లవాడితో ఆ ప్రయాణంలో ఫోన్ అసలే ఇవ్వవద్దని చెప్పడం ఎంత అన్యాయమో కూడా తెలుసు. రెండేళ్ళ వయసులో రోజుకు గంటకు మించి తెర వద్దని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో ఉంది. ఆ గంటను ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సమయానికి దాచుకోమన్నాను, అప్పుడు కూడా తల్లి పక్కన కూర్చుని చూస్తూ ఒకటి రెండు మాటలు అనాలన్నాను. మిగతా దారిలో లారీలు, గేదెలు, కాలువలు ఎటూ కనిపిస్తాయి. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటుతున్నప్పుడు తండ్రి కారు అద్దం దించి, "నీళ్ళు... ఎన్ని నీళ్ళో" అని ఆగాడట. బాబు "నీ" అన్నాడు. జాబితాలో లేని మాట అది. తండ్రి నాకు పంపిన మొదటి సందేశం అదే.

ఊళ్ళో

తల్లి రోజుకొక చిన్న వీడియో పంపేది. రెండో రోజు వీడియోలో అమ్మమ్మ గడ్డి పరకలు చేతికిచ్చి, "గడ్డి పెట్టు నానా, దూడకి పెట్టు, అదిగో తింటంది, తింటంది చూడు" అని ఊపిరి తిప్పుకోకుండా చెబుతోంది. మాటలు చక్కటివే, బిడ్డ చేస్తున్న పని గురించినవే, కానీ వాడికి సందు లేదు. ఆమెతో ఫోన్‌లో ఒక్క సంగతే చెప్పాను. గడ్డి మీ చేతిలోనే ఉంచుకోండి, "గడ్డి..." అని వాడి కళ్ళలోకి చూసి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకోండి.

నాలుగో రోజు వీడియోను ఇప్పుడు కొత్త తల్లిదండ్రులకు, ఆ కుటుంబం అనుమతితో, చూపిస్తున్నాను. అమ్మమ్మ గట్టు మీద కూర్చుని ఉంది, అంటే ఆమె ముఖం బాబు ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంది. గడ్డి పిడికిట్లో పట్టుకుని "గడ్డి..." అని ఆగింది. బాబు గడ్డిని చూశాడు, దూడను చూశాడు, చెయ్యి చాచాడు. ఆమె నవ్వుతూ అలాగే ఉంది, అడగలేదు, అనమనలేదు. దూడ మెడ చాచి గడ్డి వాసన చూసింది. బాబు ఆమె పిడికిలి మీద చెయ్యి వేసి "పెత్తు" అన్నాడు. "పెట్టు! గడ్డి పెట్టు!" అంటూ ఆమె వెంటనే గడ్డి వాడి చేతిలో పెట్టింది.

ఇక్కడ ఆమె చేసిన రెండు పనులు నేర్చుకోదగినవి. వాడు "పెత్తు" అంటే "పెత్తు కాదు, పెట్టు అను" అనలేదు. సరైన రూపాన్ని తన మాటలో వినిపించి ఊరుకుంది. వాడు ఒక్క మాట అంటే ఆమె రెండు మాటలు చేసి తిరిగి ఇచ్చింది, అయిదు మాటల వాక్యం చేయలేదు. బిడ్డ ఉన్న మెట్టుకు పై మెట్టు ఒక్కటే చూపించాలి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి పెట్టు, పోయింది, అయిపోయింది, దా, వద్దు వంటి మాటలు బిడ్డ చెవిలో చివరగా, గట్టిగా మిగులుతాయి. బొమ్మల పుస్తకం ముందు కూర్చోబెట్టి పేర్లే నేర్పిన పిల్లలకు ఈ క్రియలు కరువవుతాయి, క్రియ లేకపోతే రెండు మాటల జత కుదరడం కష్టం. ఈ బాబు పాత జాబితాలో కూడా పేర్లే ఎక్కువ.

స్నానం సంగతి తక్కువ మాటల్లో చెప్పవచ్చు. నీళ్ళు పోయడం, ఆగడం, "ఇంకా?" అనడం, మూడు రోజుల్లో "ఇంకా" వచ్చింది.

ఉప్పుమూట దగ్గర వేరే చిక్కు వచ్చింది. అక్క వాడిని వీపున మోసుకుని తిరుగుతూ అన్ని మాటలూ తనే అనేది, వాడు నోరు తెరిచేలోపే "వాడికి నీళ్ళు కావాలంట", "వాడు దిగుతాడంట" అని ప్రకటించేది. ఇంట్లో మాట్లాడగల పెద్ద పిల్లలున్న చోట ఇది మామూలే, వాళ్ళను కసరకూడదు. ఆ పాపకు తల్లి ఒక ఉద్యోగం ఇచ్చింది: తమ్ముడిని ఎత్తుకునే ముందు చేతి వేళ్ళు ఒక్కొక్కటిగా అయిదూ ముడవాలి, అప్పటికి వాడేమీ అనకపోతే అప్పుడు తను అనవచ్చు. వేళ్ళు ముడవడం వాడికి ఆటలా కనిపించి, ముడుస్తున్న వేళ్ళనే చూస్తూ ఆఖరి వేలుకు "ఎత్తు" అనడం మొదలుపెట్టాడు. పెద్దవాళ్ళకంటే ఆ పాపే ఈ నియమాన్ని నిక్కచ్చిగా పాటించిందని తల్లి రాసింది.

భోగినాడు మాత్రం ఏమీ ఆశించవద్దని ముందే చెప్పాను. సాయంత్రం భోగిపళ్ళు పోసేటప్పుడు పేరంటాళ్ళు, హారతి, ఫోటోలు, తల మీద రేగుపళ్ళు, శనగలు, చిల్లర నాణేలు. మాటలు సులువుగా వచ్చే పిల్లలే బెదిరిపోతారు. ఈ వయసు పిల్లలు కింద పడిన రేగుపండునో నాణేన్నో నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది కాబట్టి వెంటనే ఏరేయమని కూడా చెప్పాను. వాడు ఏడ్చాడు, ఎవరితోనూ ఒక్క మాట అనలేదు, అమ్మ చంక దిగలేదు. "వీడికింకా మాటలు రాలేదేంటే?" అని అడిగిన పెద్దావిడకు తల్లి మేము అనుకున్న జవాబే ఇచ్చింది: "వింటున్నాడు పెద్దమ్మా, మీరు కబుర్లు చెప్పండి, వాడు తర్వాత అంటాడు." పెద్దల మాటకు అడ్డు చెప్పినట్టు ఉండదు, బిడ్డ ముందు వాడి లోపాన్ని చర్చకు పెట్టినట్టూ ఉండదు. మాటలు పెద్దగా రాని పిల్లలు కూడా తమ గురించి జరిగే సంభాషణను అర్థం చేసుకుంటారని ఇంట్లో అందరికీ తెలియాలి.

మర్నాడు వీధిలోకి గంగిరెద్దు వచ్చింది. అది తల ఊపితే వాడూ తల ఊపాడు. సాయంత్రం మావయ్యను చూసి మళ్ళీ తల ఊపి గుమ్మం వైపు వేలు చూపించాడు. పొద్దున చూసిన దాని గురించి సాయంత్రం చెబుతున్నాడన్నమాట. మావయ్యకు అర్థం కాలేదు, తల్లికి అయింది. "గంగిరెద్దు వచ్చింది, తల ఊపింది, వెళ్ళిపోయింది" అని వాడి సైగను మాటల్లో పెట్టింది. మాట రాకముందు సైగతో కథ చెప్పే పిల్లవాడికి మనం ఇవ్వవలసింది ఆ కథకు మాటలు. "గంగిరెద్దు అను" అని పరీక్ష పెట్టి ఉంటే వాడి కథ అక్కడితో తెగిపోయేది.

టీవీ గురించి ఒక మాట. పండుగ సినిమాలతో హాల్లో టీవీ రోజంతా మోగుతూనే ఉంటుంది. ఎవరూ చూడకపోయినా వెనక టీవీ నడుస్తుంటే పెద్దవాళ్ళు పిల్లలతో అనే మాటలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. మామగారింట్లో టీవీ కట్టేయమనడం అల్లుడికి ఇబ్బంది కాబట్టి, ఎంచుకున్న మూడు పనులూ ఇంటి బయట జరిగేలా చూశాము.

వస, నాలుక నరం

అమ్మమ్మ వసకొమ్ము తెప్పించి ఉంచింది. తేనెలో అరగదీసి నాలుకకు రాస్తే మాటలు వస్తాయన్నది మన ఇళ్ళలో పాత నమ్మకం. వసలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంటుంది, దానికి విష లక్షణాలున్నాయి. అమెరికాలో వసను ఆహారంలో వాడడం నిషేధించారు. ఏడాదిలోపు పిల్లలకైతే తేనె కూడా ప్రమాదమే. ఈ సంగతి నేను తల్లి ద్వారా చెప్పించకుండా అమ్మమ్మకే నేరుగా, మర్యాదగా చెప్పాను. ఆమె పక్కన పెట్టేసింది. నాలుక కింద నరం కోయించమని మరొకరు సలహా ఇచ్చారు. బాబు నాలుకను ముందే పరీక్షించాను, బయటికీ పైకీ చక్కగా కదులుతోంది. నాలుక బిగుతుగా ఉన్న కొందరు పిల్లలకు కొన్ని శబ్దాలు పలకడంలో ఇబ్బంది ఉండవచ్చు గానీ, మాటల సంఖ్య తక్కువగా ఉండడానికి అది కారణం కాదు.

తిరిగి వచ్చాక

ఫిబ్రవరి చివర, 2 సంవత్సరాల 6 నెలల వయసులో మళ్ళీ అంచనా వేశాను. జాబితా 18 నుంచి 61 మాటలకు పెరిగింది, వాటిలో మూడో వంతు దాకా క్రియలు, "ఇంకా", "వద్దు" వంటి మాటలు. "గడ్డి పెట్టు", "తాత దా", "పాలు వద్దు", "కాకి పోయింది" అని జతలు వస్తున్నాయి. ఈ పెరుగుదల అంతా పది రోజుల సెలవు వల్లనే అని నేను అనను. వయసు, డిసెంబరులో మొదలైన సెషన్లు, ఇంట్లో మారిన భాష, అన్నం దగ్గర ఫోన్ మానేయడం, ఇవన్నీ కలిసే పనిచేశాయి, ఒక్క కేసులో వాటిని విడదీయడం సాధ్యం కాదు. సెలవు ప్రత్యేకంగా ఇచ్చినది ఏమిటంటే, తల్లిదండ్రులు ఆగడం నేర్చుకున్నారు. అమ్మమ్మ ఆగితే ఏమయిందో కళ్ళారా చూశారు. నేను గదిలో ఎంత చెప్పినా దొరకని నమ్మకం వారికి ఆ గట్టు దగ్గర దొరికింది.

ఊరి నుంచి వచ్చిన మొదటి వారం బాబు కొంత తగ్గాడు. డేకేర్‌లో గడ్డి లేదు, దూడ లేదు. ఆ మాటలకు పని లేకుండా పోయింది. అందుకే వారానికి మూడు సాయంత్రాలు అమ్మమ్మతో వీడియో కాల్ పెట్టించాము. "ఏం తిన్నావు, నీ పేరేంటి" అనే ప్రశ్నలు వద్దు, దూడకు గడ్డి పెట్టే వేళకే ఫోన్ చేయాలి, బాబు "పెట్టు" అన్నాకే ఆమె అక్కడ గడ్డి పెట్టాలి. 2 నుంచి 2½ ఏళ్ళ పిల్లలు రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త క్రియలు నేర్చుకోలేకపోయినా, అవతలి మనిషి తమకు అప్పటికప్పుడు స్పందించే వీడియో కాల్ నుంచి నేర్చుకోగలిగారని రోజ్‌బెరీ, హర్ష్-పాసెక్, గోలింకాఫ్ 2014లో ప్రచురించిన పరిశోధనలో ఉంది. తెర అన్నది ఒకటే అయినా అవతల బదులిచ్చే మనిషి ఉన్నారా లేరా అన్నది తేడా తెస్తుంది. విదేశాల్లో ఉంటూ రెండేళ్ళకొకసారి గానీ ఊరికి రాలేని తెలుగు కుటుంబాలకు కూడా నేను ఇదే చెబుతుంటాను.

రెండున్నరేళ్ళకు 61 మాటలు ఇంకా తక్కువే. ఆ వయసు పిల్లలు చాలామంది వందల మాటలతో, రెండు మూడు మాటల వాక్యాలతో ఉంటారు. కాబట్టి సెషన్లు కొనసాగుతున్నాయి. ఇక ముందు చూడవలసినవి రెండు: "తాతకి", "ఇంట్లో" వంటి విభక్తులు, "తిన్నాను", "తిన్నాడు" వంటి క్రియల చివరి రూపాలు వాటంతటవే అమరుతున్నాయా అన్నది ఒకటి; మూడేళ్ళు నిండేసరికి కొత్తవారికి కూడా వాడి మాట చాలావరకు అర్థమవుతోందా అన్నది రెండోది.

ఇటువంటి సందేహం ఉన్న తల్లిదండ్రులు పండుగ అయ్యాక చూద్దామని ఆగకుండా ముందే వినికిడి పరీక్ష, భాషా మూల్యాంకనం చేయించుకుని వెళితే సెలవులు ఇలా వాడుకోవచ్చు. భారత పునరావాస మండలిలో నమోదైన స్పీచ్ థెరపిస్ట్ దగ్గరకే వెళ్ళాలి. హైదరాబాద్ పరిసరాల వారికి సికింద్రాబాద్‌లో, వినికిడి, మాట సమస్యలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. జిల్లాల్లో ఉండేవారు పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల గురించి అంగన్‌వాడీలో గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడగవచ్చు. బిడ్డ పిలుపుకు పలకకపోయినా, వేలితో చూపించకపోయినా, చెప్పింది అర్థం చేసుకోకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఈ కేసులోని ప్రణాళిక సరిపోదు. ఆ పిల్లలకు సెలవులు ముగిసేదాకా కూడా ఆగకూడదు.